గల్లగురిగి పైసలు, ఇంటి బాకీ

గల్లగురిగికి పైన సన్నని చీలిక ఒక్కటే ఉంటుంది. పైస లోపలికి పోతుంది గాని బయటికి రాదు. తీయాలంటే పగలగొట్టాల్సిందే. ఆ చిన్న మట్టికుండలో ఉన్న తెలివి అంతా అదే: మధ్యలో మనసు మారినా చెయ్యి లోపలికి దూరదు. నిండిన రోజు చాప మీద పాత చీర పరిచి ఒక్క దెబ్బ వేస్తే పెంకులు విడిపోతాయి. రూపాయి బిళ్లలు ఒక కుప్ప, రెండు రూపాయలవి ఒక కుప్ప, ఐదులు, పదులు వేరువేరుగా. మధ్యలో నాలుగు మడతలు పెట్టి దూర్చిన పది నోట్లు, ఇరవై నోట్లు. పిల్లలు లెక్క తేల్చేసరికి 4,800 రూపాయలు అనుకుందాం. అదే ఇంటి మీద బ్యాంకు బాకీ 15 లక్షలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సముద్రంలో కాకిరెట్ట అనిపిస్తుంది. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, ఇల్లు కట్టుకుని బ్యాంకుకు కాగితాలు కుదువపెట్టిన చాలామంది చిల్లర లెక్కను అక్కడితోనే వదిలేస్తారు.

ఆ పోలికే తప్పు. 15 లక్షల రుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు తీసుకుంటే నెల కిస్తీ, అంటే ఈఎంఐ, 13,017 రూపాయలు పడుతుంది. మొదటి నెల అందులో 10,625 రూపాయలు మిత్తి, అంటే వడ్డీ, కిందికే పోతాయి. అసలులో తగ్గేది 2,392 రూపాయలు. రెండో నెల తగ్గేది 2,409. రెండు నెలలకు 26 వేలు కట్టినా అసలులో కదిలింది 4,801 రూపాయలే. గల్లగురిగిలో తేలింది కూడా దాదాపు అంతే. రుణం తీసుకున్న కొత్తలో ఆ 4,800 నేరుగా అసలులో జమైతే రెండు కిస్తీలు కలిసి చేసిన పని అది ఒక్కటే చేసినట్టు. 20 ఏళ్ల లెక్కలో చివరి రెండు కిస్తీలు కట్టే పని ఉండదు.

ఇందులో మాయ ఏమీ లేదు. 4,800 పోసి 26 వేలు మిగుల్చుకున్నట్టు కనిపించినా, ఆ 26 వేలు 20 ఏళ్ల తర్వాతి రూపాయలు. ఏటా 8.5 శాతం చక్రవడ్డీ ఇన్నాళ్లూ బ్యాంకు వైపు పనిచేసింది, ఆ చిన్న ముక్క మేరకు ఇటు తిరిగింది, అంతే. కాని పొదుపు ఖాతాలో మూడు శాతం కూడా రాని రోజుల్లో, ఏ నష్టభయం లేకుండా 8.5 శాతం దొరికే చోటు సామాన్య కుటుంబానికి ఇంకొకటి చూపించడం కష్టం.

మొదటి ఏడాది లెక్క మొత్తం చూస్తే గుండె కలుక్కుమంటుంది. పన్నెండు నెలల్లో 1,56,208 రూపాయలు కడితే అసలు తగ్గేది 29,854 మాత్రమే. మిగతా లక్షా 26 వేల పైచిలుకు మిత్తి. కిస్తీలో అసలు వాటా మిత్తి వాటాను దాటడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. "పదేళ్ల నుంచి కడుతున్నం, బాకీ అట్లనే ఉన్నది" అని ఇంటింటా వినిపించే మాటకు కారణం ఇదే. బ్యాంకు మోసం చేసిందని కాదు. మిగిలిన అసలు మీద ఆ నెల మిత్తి ముందు తీసుకుని, మిగిలిందే అసలులో వేయడం కిస్తీ లెక్క పద్ధతి. కొత్తలో అసలు పెద్దది కాబట్టి మిత్తి పెద్దది. అందుకే బాకీ కొత్తగా ఉన్నప్పుడు పోసిన రూపాయికి బలం ఎక్కువ.

ఆ బలం ఎంతో ఒక్క ఉదాహరణ చాలు. ఇదే రుణంలో మొదటి ఏడాది చివర 50 వేలు అదనంగా అసలులో కడితే గడువులో 18 నెలలు తగ్గుతాయి. కట్టిన 50 వేలు తీసేసినా మిత్తిలో దాదాపు 1,85,000 మిగులుతుంది. అదే 50 వేలు 15వ ఏడాది చివర కడితే తగ్గేది ఆరు నెలల లోపే, మిగిలేది 25 వేలు. సొమ్ము అదే, బాకీ అదే. కట్టిన రోజే వేరు.

ఇక రోజువారీ చిల్లర సంగతి. రోజుకు 33 రూపాయలు పక్కన పెడితే నెలకు వెయ్యి. మొదటి నెల నుంచే ఆ వెయ్యి అసలులో పడుతూ పోతే 240 నెలల బాకీ 201 నెలలకు తీరుతుంది. మూడేళ్ల మూడు నెలలు ముందే. ఆ 201 నెలల్లో అదనంగా కట్టింది 2,01,000. కట్టకుండా తప్పిన కిస్తీలు 39, వాటి విలువ ఐదు లక్షల పైన. ఒకటి లోంచి ఒకటి తీసేస్తే మూడు లక్షల పైచిలుకు మిగులు. ఏడాదికి 12 కిస్తీలకు బదులు 13 కట్టినా ఇంచుమించు ఇదే ఫలితం వస్తుంది.

ఆ 33 రూపాయలు ఎక్కడివి అన్నప్పుడు పొదుపు పాఠాలు చెప్పేవాళ్లందరూ ముందు టీ మీద పడతారు. ఇది సరైన సలహా కాదు. గడియారం దగ్గరో, బస్టాండు దగ్గరో సాయంత్రం పది, పదిహేను రూపాయల చాయ్ తాగుతూ నలుగురితో మాట్లాడడం మనిషికి అవసరమైన ఖర్చే. నీళ్ల ఖర్చు తగ్గించమనడం అంతకంటే తప్పు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులను తరాలుగా చూసిన నల్లగొండ జిల్లాలో మంచినీళ్ల దగ్గర పైసలు మిగల్చమని ఎవరూ చెప్పకూడదు. ఒంటికి, మనసుకు పట్టే ఖర్చులను వదిలేసి, ఎవరికీ పట్టకుండా జారిపోతున్న పైసలను వెతకాలి.

అలాంటివి 2023 చివరి నుంచి దక్షిణ తెలంగాణ ఇళ్లలో కొత్తగా కొన్ని చేరాయి. 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసలు కట్టే పని లేదు. నకిరేకల్ నుంచి నల్లగొండకో, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కో రోజూ ఉద్యోగానికి వచ్చిపోయే మహిళకు పోనురాను 80 రూపాయలు అయ్యేవి అనుకుంటే, 25 పనిదినాలకు 2,000 రూపాయలు. 2024 మార్చి నుంచి అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు లేదు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకంతో రేషన్‌కార్డులో మనిషికి ఆరు కిలోల చొప్పున తినదగిన బియ్యం వస్తున్నాయి, దుకాణంలో కొనే బస్తాలు ఆ మేరకు తగ్గాయి. ఈ మూడూ అందే ఇల్లయితే నెలకు రెండు, మూడు వేలు మిగలాలి. మిగిలాయా అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు ఉండదు. మిగిలిన పైస ఎక్కడా ఆగలేదు కాబట్టి అది వారం తిరగకముందే ఇంకో ఖర్చుగా మారిపోయింది.

ఆ బస్సు టికెట్ 2,000 ఒక్కటే ప్రతినెలా అసలులో పడి ఉంటే పైన చెప్పిన 15 లక్షల బాకీ 20 ఏళ్లకు కాక 14 ఏళ్ల 6 నెలలకే తీరుతుంది. మిగిలే మిత్తి ఐదు లక్షల పైనే. ఈ లెక్క ఇంత వివరంగా ఎందుకంటే, పొదుపు చేయడం వేరు, ఆ పొదుపు బాకీలోకి చేరడం వేరు. ఖర్చు తగ్గించిన ఇల్లాలి కష్టం బాకీ అసలు తగ్గడంలో కనిపించకపోతే ఆమె తగ్గించుకున్నది ఇంకెవరి ఖర్చులోనో కలిసిపోయినట్టే. టికెట్ కొననక్కర్లేని ఆ రోజే, ఆ 80 రూపాయలను ఖర్చు పెట్టినట్టుగానే చేతిలోంచి తీసి వేరే చోట వేయాలి.

ఆ వేరే చోటు ఇదివరకు గల్లగురిగి. ఇప్పుడు చేతిలో చిల్లరే తిరగడం లేదు. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ చూపించి 176 అంటే 176 పంపేస్తున్నారు. తిరిగొచ్చే నాలుగు రూపాయలు లేవు, కుండలో పడేవీ లేవు. కాబట్టి కుండను కూడా ఫోన్‌లోనే పెట్టుకోవాలి. ఏటీఎం కార్డు తీసుకోని, యూపీఐకి కలపని రెండో పొదుపు ఖాతా ఒకటి ఇంట్లో ఎవరి పేరనైనా తెరిచి, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆ రోజు మిగిలింది అందులోకి పంపడం ఒక పద్ధతి. 176 ఖర్చయితే 200 అయినట్టు రాసుకుని 24 పంపడం ఇంకొకటి. పైస పోవడానికి సులువుగా, రావడానికి కష్టంగా ఉండాలన్నదే సూత్రం. కుమ్మరి పెట్టిన చీలిక చేసే పని ఇదే.

మట్టి గల్లగురిగే ఇష్టమైనవాళ్లు దాన్ని వదులుకోనక్కర్లేదు. నెలకు వెయ్యి చొప్పున ఏడాదంతా కుండలో పడి ఉంటే పోయే మిత్తి నాలుగైదు వందలకు మించదు. పెద్ద నష్టం కాదు, కుండ వల్ల అలవాటు నిలిస్తే అది కలిసొచ్చినట్టే. మూడు నెలలకోసారి పగలగొడితే ఆ నష్టం ఇంకా తగ్గుతుంది. నాణేలతో బ్యాంకుకు పోయేటప్పుడు రకానికొకటిగా నూరేసి నాణేలు కవర్లలో కట్టుకుని పోవాలి. పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన జిల్లాల్లో ఇంకా దుకాణాల్లో వినిపిస్తుంది. పది రూపాయల నాణెం 14 నమూనాల్లో వచ్చిందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. బ్యాంకు శాఖలు నాణేలు తీసుకోవాలని కూడా ఆదేశం ఉంది. దుకాణంలో వద్దన్న పది బిళ్లలన్నీ ఇంటి బాకీకి పనికొస్తాయి. నాణేలు ముందు పొదుపు ఖాతాలో వేసి, అక్కణ్నుంచి రుణ ఖాతాకు మళ్లించాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ మళ్లించే దగ్గరే. రుణ ఖాతాలో పైసలు వేసినంత మాత్రాన అవి అసలులో తగ్గాయని అనుకోకూడదు. కొన్ని చోట్ల అవి వచ్చే నెల కిస్తీకి అడ్వాన్సుగా ఉండిపోతాయి. కౌంటర్ దగ్గర గాని, యాప్‌లో గాని "పార్ట్ పేమెంట్, అసలులో జమ, గడువు తగ్గింపు" అని స్పష్టంగా అడగాలి, వీలైతే రాసివ్వాలి. కొన్ని సంస్థలు ఒకటి రెండు కిస్తీలంత మొత్తం ఉంటేనే పార్ట్ పేమెంట్ తీసుకుంటాయి. అలాంటప్పుడు చిల్లర రెండో ఖాతాలో ఆ మేరకు పెరిగేదాకా ఆగాలి. చలన వడ్డీ, అంటే మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు, మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణానికి ముందస్తు చెల్లింపు మీద బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. స్థిర వడ్డీ రుణమైతే ఒప్పంద పత్రం ఒకసారి చదువుకోవాలి.

గడువు తగ్గింపు అన్న మాటకు విలువ ఎంతో చూడాలి. మొదటి ఏడాది చివర 50 వేలు కట్టినప్పుడు "గడువు అట్లనే ఉంచి కిస్తీ తగ్గించమంటారా" అని అడిగితే చాలామంది సరే అంటారు. నెలకు 443 రూపాయలు తగ్గుతుంది. 19 ఏళ్లకు కలిపి మిత్తిలో మిగిలేది సుమారు 51 వేలు. కిస్తీ అట్లనే ఉంచి గడువు తగ్గిస్తే మిగిలేది 1,85,000 అని పైన చూశాం. నెలకు తగ్గిన ఆ 443ను కూడా ప్రతినెలా మళ్లీ అసలులోనే పోసేవాళ్లకు రెండూ ఒకటే. కాని చేతికి మిగిలిన 443 అట్లా పోసేవాళ్లు అరుదు. ఇంట్లో జీతం తగ్గినప్పుడో, పిల్లల చదువు భారం మీద పడినప్పుడో కిస్తీ తగ్గించుకోవడం తప్పు కాదు. ఆ ఇబ్బంది లేనప్పుడు గడువే తగ్గించుకోవాలి.

వడ్డీ రేటు మారినప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రెపో రేటు; అది మారితే చలన వడ్డీ ఇంటి రుణాల రేటూ మారుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరికల్లా రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి చేరింది. 6.75 శాతానికి 15 లక్షలు 20 ఏళ్లకు తీసుకున్న ఇంటి కిస్తీ 11,405. అదే అసలు మీద రేటు 9.25 అయితే ఒక నెల మిత్తే 11,562. కిస్తీ మొత్తం పోసినా మిత్తి కూడా తీరదు. ఆ రోజుల్లో చాలా ఖాతాల్లో ఇంటివాళ్లకు సరిగా తెలియకుండానే గడువు ఏళ్లకేళ్లు సాగింది. రేటు మారినప్పుడు ఖాతాదారుకు తెలియజేయాలని, కిస్తీ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంత కొంతనా అన్నది ఆయననే ఎంచుకోనివ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. 2025లో రెపో తగ్గుతూ జూన్ నాటికి 5.5కు వచ్చింది. అప్పుడు కిస్తీ తగ్గిందని సంతోషించే బదులు పాత కిస్తీయే కడుతూ పోయిన ఇళ్లకు ఏ కొత్త పొదుపూ చేయకుండానే నెలనెలా అదనపు జమ దొరికినట్టయింది.

జీతం ఇళ్లకు నెల లెక్క సరిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండించే ఇంటికో, బత్తాయి తోట ఉన్న ఇంటికో సరిపోదు. పైసలు చేతికొచ్చేది వానాకాలం, యాసంగి పంటలు అమ్మినప్పుడే. పంట పైసలు వచ్చిన వారంలోనే అందులోంచి ఒక కిస్తీకి సరిపడా అసలులో వేసేయడం ఆ ఇళ్లకు నప్పే పద్ధతి. పెట్టుబడి ఖర్చు, ఉద్దెర బాకీలు, పెళ్లిళ్ల కట్నకానుకలు అన్నీ అయ్యాక చూద్దామంటే మిగలదు.

అయితే చిల్లరను ఇంటి బాకీలో పోయకూడని సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది చేతి బాకీ. బ్యాంకు 8.5 శాతాన్ని మన ఊరి భాషలోకి మారిస్తే నూటికి నెలకు 71 పైసల మిత్తి. ఊళ్లో తెచ్చిన బాకీ నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. రెండు రూపాయల బాకీ నెత్తిన పెట్టుకుని 71 పైసల బాకీని ముందుగా తీర్చడం అంటే కాలుతున్న ఇల్లు వదిలి గొడ్ల కొట్టం తడపడం. ముందు చేతి బాకీ, క్రెడిట్ కార్డు బాకీ, ఆ తర్వాత వస్తువుల ఈఎంఐలు, కుదువపెట్టిన బంగారం. ఇంటి బాకీ వరుసలో చివరిది.

రెండోది ఆపద సొమ్ము. అసలులో కట్టిన రూపాయి గల్లగురిగిలో పడ్డ పైస కంటే గట్టిగా ఇరుక్కుంటుంది, పగలగొట్టినా రాదు. ఉన్నదంతా ఊడ్చి బాకీలో పోసిన ఇంట్లో ఎవరికైనా హైదరాబాద్ ఆస్పత్రి అవసరం పడితే మళ్లీ రెండు రూపాయల మిత్తికే పరుగెత్తాలి. అప్పుడు ఇన్నేళ్లు మిగిల్చిన మిత్తి ఒక్క ఏడాదిలో పోతుంది. మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు, దానిలో కిస్తీ కూడా కలిపి, ముందు డిపాజిట్‌లో పెట్టుకున్నాకే చిల్లర అసలు వైపు పోవాలి.

చిట్టీల గురించి ఒక మాట. ఈ జిల్లాల్లో చిట్టీ లేని ఇల్లు తక్కువ, అదీ ఒక రకం గల్లగురిగే. నెలనెలా కట్టక తప్పదు కాబట్టి పొదుపు జరుగుతుంది. చివరిదాకా ఆగి ఎత్తుకుని ఆ మొత్తాన్ని అసలులో వేస్తే మంచిదే. మధ్యలో పెద్ద తోపుతో, అంటే చాలా మొత్తం వదులుకుని, పాట పాడి ఎత్తి బ్యాంకులో వేయడం మాత్రం ఖరీదైన బాకీ తెచ్చి చవక బాకీ తీర్చడం. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని చిట్టీలో ఇంటి బాకీ కోసం దాచిన పైసలు పెట్టకూడదు.

పన్ను మినహాయింపు పోతుందని ముందస్తు చెల్లింపుకు వెనకాడేవాళ్లున్నారు. సొంతంగా ఉండే ఇంటి మిత్తి మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు అది లేదు. పాత విధానంలో ఉన్నా, ఈ 15 లక్షల రుణానికి మొదటి ఏడాది మిత్తే 1,26,000, ఏటా తగ్గుతూ పోతుంది. రూపాయి మిత్తి కట్టి ఇరవై, ముప్పై పైసల పన్ను తప్పించుకోవడం లాభం కాదు.

బాకీ తీరిన రోజు చేయాల్సిన పని ఇంకొంత ఉంటుంది. చివరి చెల్లింపు అయ్యాక బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లోపు తిరిగివ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. దస్తావేజులు తీసుకునేటప్పుడు మొదట ఇచ్చిన జాబితా దగ్గర పెట్టుకుని, లింకు డాక్యుమెంట్లతో సహా ఒక్కో కాగితం చూసుకోవాలి. కుదువ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే దాని విడుదల కూడా అక్కడ రాయించుకుని, తర్వాత ఒక ఈసీ, అంటే ఆస్తి మీద కుదువలు చూపే పత్రం, తీసి ఇంటి మీద బ్యాంకు పేరు పోయిందో లేదో చూడాలి.